రెండు మూరల మెడ

హోసూరులో ఇంట్లోనే పూసల హారాలు చేసి అమ్మడం అప్పుడే మొదలుపెట్టాను. నలుపు మీద పూసలు బాగా కనిపిస్తాయని, పక్కింటి నల్లదూడ మెడలో హారం వేసి, తల పడకుండా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను.

మొదటి ఆర్డరు సూళగిరి పెద్దాయనది. "ఇట్లాంటిదే కావాలమ్మా. మెడ రెండు మూరలు."

ఏ పిల్లకుంటుంది అంత మెడ? అడిగితే బేరం పోతుందని అయోమయంగానే గుచ్చి తీసుకెళ్ళాను.

"పాపను పిలువప్పా, వేసి చూద్దాం."

"పాప యాడుందమ్మా? మా ఎద్దుకు ఇది. ఫొటోలో దూడ వెంట్రుకలు చూసినాకే కదా ఫోన్ చేసినాను."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హారం సరిగ్గా సరిపోయింది. ఎద్దు తనే ఫొటోకు పక్కకు తిరిగి నిలబడిందంటే మీరు నమ్మరు.

ఆ దూడ ఫొటో చూసే తర్వాత చాలామంది ఆడవాళ్ళు కొన్నారు. ఒక్కరూ కనిపెట్టలేదు. మీరూ చెప్పకండి.