తిప్పి పెట్టిన బండి

మా పైలట్ పోయాడు. పైలట్ అంటే విమానం నడిపేవాడు కాదు, అంబులెన్సు నడిపేవాడు. మా దిక్కు అందరం అలాగే పిలుస్తాం. సంత రోజు పొద్దు వాలుతుండగా మా చిన్నోడు భద్రాచలం నుంచి వచ్చి బస్సు దిగాడు. నేను చింతపండు అమ్ముకునే గోనె పక్కన కూలబడ్డాడు. "ఏమైందిరా?" అని అడిగాను. "పోయిండే అమ్మా. దవాఖానా కాడికి పోయేసరికే అయిపోయిందన్నరు" అన్నాడు. ఆ మాట నా గోనె దగ్గర్నుంచి ఎండుచేపల దాకా పాకింది. బేరాలు ఆగిపోయాయి. ఎవరో ఆడమనిషి తూకం రాళ్లు కింద పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. కోపంలో ఏమన్నా అంటే దాన్ని దిద్దొద్దని ముందే చెప్పాను. ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి. ఆయన పోయిన రోజు ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఎందుకంటే ఆ రోజు ఆయన్ని బతికించాలని చూసిన పిల్లను, బండిలో రోగిని చూసుకునే టెక్నీషియన్‌ను, ఇప్పుడు డ్యూటీకి రావొద్దని ఇంట్లో కూర్చోబెట్టారు. సర్కారు బండిని బయటివాడి చేతికి ఇచ్చిందట, అదీ ఆ పిల్ల చేసిన తప్పు. ఆ బయటివాడు నా కొడుకు. వాణ్ణి ఎక్కి నడపమన్నది నేను.

ఆయనది ముదిగొండ దిక్కు. పొలాల మధ్య పెరిగిన మనిషి, అడవి కొత్త. మా గూడెం వాగుకు అవతల ఉంది. వంతెన లేదు, బండి ఇవతలి ఒడ్డునే ఆగాలి. మనిషికి బాగాలేకపోతే మంచాన్ని కావడికి కట్టి మేమే వాగు దాటిస్తాం. నేను ఆయన్ని మొదటిసారి చూసింది మా పెద్దకోడలు నొప్పులు పడ్డ రోజు. మంచం మోసుకుంటూ మేం నీళ్లలో దిగాం. ఎదుటి ఒడ్డున ఈ మనిషి మా వైపు చూడనైనా చూడకుండా బండిని ముందుకీ వెనక్కీ లాగుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒడ్డు అంచుకు వస్తూ నీళ్లలోంచే అరిచాను.

"ఏందిరా, మనిషి ఒర్లుతుంటే బండితోని ఆటలాడుతున్నవ్?"

"తిట్టు అవ్వా, తిట్టు. గని జర పక్కకు జరిగి తిట్టు, టైరు కిందికొస్తవ్."

బండి మూతిని భద్రాచలం దిక్కుకు తిప్పి పెట్టి, అప్పుడు దిగాడు. ప్యాంటు మడిచి నీళ్లలోకి వచ్చి, నా భుజం మీది కర్రను తన భుజం మీదికి తీసుకున్నాడు. తర్వాత ఎప్పుడో అడిగితే చెప్పాడు: "మనిషిని ఎక్కించినంక తిప్పుకుంట కూసుంటే, ఆ ప్రాణం నా స్టీరింగ్ చుట్టూ తిరుగుతది అవ్వా. ఎవ్వరు ఎక్కకముందే తిప్పిపెడితే, ఎక్కినంక పోవుడే." అప్పట్నుంచి గమనించాను. పని ఉన్నా లేకపోయినా, టీ తాగడానికి ఆపినా, ఆయన బండి ఎప్పుడూ దవాఖానా దిక్కే చూస్తూ ఉండేది.

ఆ రోజు మేం దవాఖానా దాకా పోలేదు. దారి మలుపులోనే నొప్పులు ముదిరాయి. టెక్నీషియన్ పిల్ల అప్పుడే కొత్తగా చేరింది, చేతి తొడుగులు ఒకటికి రెండుసార్లు తప్పుగా తొడుక్కుంది. ఆయన బండిని నీడకు ఆపి, అటు తిరిగి నిలబడి, "నువ్వు నేర్చుకున్నదే గదమ్మా, మెల్లగ చెయ్యి, బండి యాడికి పోదు" అన్నాడు. తర్వాత మా గూడెం మాటలో కోడలికి ధైర్యం చెప్పబోయాడు. ఆ మాట ఆయన నోట ఎంత వంకరగా వచ్చిందంటే, అంత నొప్పిలోనూ అది ఫక్కున నవ్వింది. నా మనవరాలు బండిలోనే పుట్టింది.

ఫోను సంగతి కూడా చెప్పాలి. మా గూడెంలో సిగ్నల్ అందదు, పక్కనున్న గుట్ట ఎక్కాలి. పైన బండ మీద నిలబడి అంబులెన్సుకు చేస్తే సరిహద్దు అవతలి టవర్ అందుకుంటుంది. ఆ ఫోను పక్క రాష్ట్రం ఆఫీసుకు పోతుంది. మా పొరుగింటాయనను పాము కరిస్తే ఆయన పెళ్లాం ఆ బండ మీద నిలబడి ఎన్నిసార్లు చేసినా అదే జవాబు: ఏ మండలం, ఏ జిల్లా, అది మా పరిధి కాదమ్మా. నేను ఫోను లాక్కుని, "పాము మీ రాష్ట్రమా మా రాష్ట్రమా అని అడిగి కరుస్తదా?" అన్నాను. అటుపక్క పిల్ల ఏం చేస్తుంది పాపం, పెట్టేసింది. ఆ మనిషి బతికాడు గానీ ఇప్పటికీ కాలు ఈడుస్తూ నడుస్తాడు.

ఇది విని పైలట్ తనకు తీరిక దొరికిన పూట వాగు దాటి వచ్చాడు. ఫోను నెత్తికి పైగా ఎత్తి పట్టుకుని గుట్టంతా తిరిగాడు. ఆడవాళ్లం నవ్వుకున్నాం, దేవుడు పూనాడేమోనని. చివరికి బండకు కింద, తునికి చెట్టు పక్కన మన టవర్ పలికింది. అక్కడ చుట్టూ రాళ్లు పేర్చి, "ఈడ నిలబడి మాట్లాడుండ్రి. పైకెక్కితే పక్క రాష్ట్రం పలుకుతది" అన్నాడు. ఆ పని చెయ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెయ్యాల్సినవాళ్లు చెయ్యలేదు.

అంత మందికి ఆదరువైన మనిషికి ఆదరువు ఎవరు? ఒక బండికి ఇద్దరు నడిపేవాళ్లు ఉండాలట, ఒకరు దిగితే ఒకరు ఎక్కాలి. రెండో ఆయన మానేసి వెళ్లిపోయాడు. ఆ జాగాలోకి ఇంకెవరూ రాలేదు. సంత పక్కన రేకుల గది, అదే ఆయన ఇల్లయింది. ఎండలో లోపల ఉండలేం, వానలో పడుకోలేం. అన్నం ముందు కూర్చుంటే ఫోను మోగేది. గిన్నెను తువాలలో మూటగట్టి స్టీరింగ్ ముందర పెట్టుకుని పోయేవాడు. "రెండో మనిషి ఎప్పుడొస్తడు కొడుకా?" అంటే, "వస్తడు అవ్వా. నేను రిటైరయ్యేలోపల తప్పకుండ వస్తడు" అని నవ్వేవాడు.

పోయే ముందు కొన్నాళ్లుగా రొమ్ము రాసుకుంటూ ఉండేవాడు. గ్యాస్ అనేవాడు. టెక్నీషియన్ పిల్ల బీపీ చూసి, "అన్నా, నువ్వు బండి ముందల కాదు, ఎనక కూసోవాల్సినోనివి" అని గట్టిగా కోప్పడింది. సెలవు అడిగాడు. మనిషి లేడు, కొంచెం ఓపిక పట్టమన్నారు. ఓపిక పట్టాడు.

ఆ సంత రోజు నా దగ్గర చింతపండు తీసుకుని, గింజలున్నాయని ఎప్పటిలాగే వంక పెట్టి, టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. చొక్కా తడిసిపోయింది. ఎండ అనుకున్నాం. ఒక పక్కకు ఒరిగాడు. ఆ పిల్ల ఉరికి వచ్చింది. నాడి చూసింది, మాత్ర నమిలించింది, మేమంతా పట్టుకుంటే ఆయన బండిలోకే ఎక్కించి ఆక్సిజన్ పెట్టింది. అంతవరకు చకచకా జరిగింది. ఆ తర్వాత అందరం నిలబడిపోయాం. బండి ఉంది. గాలి ఉంది, మందు ఉంది, చూసుకునే మనిషి ఉంది. నడిపేవాడు స్ట్రెచర్ మీద ఉన్నాడు.

ఆ పిల్లకు బండి నడపడం రాదు. వచ్చినా ఆయన్ని వదిలి ముందుకు రాకూడదు. ఫోను చేసింది. బయటివాళ్లు నడపకూడదు, ఇంకో బండిని పంపుతాం, ఆగండి అన్నారు. ఆ ఇంకో బండి గోదావరి అవతల ఎవరినో తీసుకుపోతోంది. ఆగడమంటే ఏమిటో అక్కడున్న మాకందరికీ తెలుసు. మా చిన్నోడు ట్రాక్టర్ నడుపుతాడు, లైసెన్సు ఉంది. "ఎక్కురా!" అన్నాను.

పిల్ల నా వైపు చూసింది. "అవ్వా, రూలు ఒప్పుకోదు."

"రూలును నా నెత్తిన పెట్టు బిడ్డా. నువ్వు మీ అన్నను చూస్కో."

మా వాడు ఎక్కాడు. లోపల్నుంచి పైలట్ మాస్కు పక్కకు జరిపి, "క్లచ్ జర గట్టిగుంటది తమ్మీ. మెల్లగ వదులు" అన్నాడు. ఆయన నోట మేం విన్న చివరి మాట అది. బండిని వెనక్కి లాగాల్సిన పని లేదు, తిప్పాల్సిన పని లేదు. మూతి భద్రాచలం దిక్కే ఉంది. జనం పక్కకు జరిగారు, బండి పోయింది. దారిలో మా వాడు అద్దంలో చూస్తే ఆ పిల్ల మోకాళ్ల మీద నిలబడి రొమ్ము నొక్కుతూనే ఉందట. దవాఖానా వాకిట్లో ఇక చాలని అక్కడివాళ్లు ఆమె చేతులు పట్టుకుని తీసేదాకా ఆపలేదట.

తర్వాత ఆఫీసువాళ్లు వచ్చారు. బండి ఎవరు నడిపారని అడిగారు. రెండో మనిషి ఎందుకు లేడని ఒక్కరూ అడగలేదు. నేను ఎదురుపోయి, "నేను ఎక్కమన్న, నా కొడుకు నడిపిండు, రాసుకో" అన్నాను. "నీకు తెల్వదులే అవ్వా, నువ్వు జరుగు" అన్నారు. నేను జరగను. అందుకే ఇదంతా రాయిస్తున్నాను. ఆ పిల్ల చేసింది తప్పయితే, ఇంకో బండి వచ్చేదాకా ఆయన్ని సంతలో పడుకోబెట్టి చూస్తూ ఉండటం ఒప్పా? ఆమెను తిరిగి పనిలోకి తీసుకోవాలి. బండికి ఇద్దరిని పెట్టాలి. నేను అడిగేది ఇంతే. ఆయన ఉంటే నవ్వేవాడు, "అవ్వా, జర పక్కకు జరిగి తిట్టు" అనేవాడు.

బండిని ఆఫీసువాళ్లే తెచ్చి రేకుల గది ముందు పెట్టి తాళమేసి పోయారు. నడిపేవాడు లేడు. మొన్న సంతకు ఆ పిల్ల వచ్చింది. యూనిఫాం లేదు, మామూలు చీర కట్టుకుంది, నేను కూడా ముందు పోల్చుకోలేదు. నా గోనె పక్కన చతికిలబడింది. చింతపండులోంచి గింజలు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ కూర్చుంది. ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"అవ్వా, బండి తిప్పిపెట్టలే."

తలెత్తి చూశాను. మూతి గోడకు ఆనించి, భద్రాచలం రోడ్డుకు వీపు పెట్టి నిలబడి ఉంది మా బండి. అద్దం మీద ఎండుటాకులు రాలుతున్నాయి.