సెల్మా భుజానికి కుదిరిన తుపాకీ

ఓర్వాల్ త్వైట్ పాత జర్మన్ సైనిక తుపాకీ ఇనుముకు దీపం మసి పూసి, కొత్త వాల్‌నట్ చెక్కలో ఒత్తి తీశాడు. ఇనుము చెక్కలో సరిగ్గా కూర్చునేలా, మసి అంటిన చోటల్లా ఉలితో పలచగా చెక్కాడు. మా మోంటానా లోయలో ఆ రోజుల్లో యుద్ధం నుంచి తెచ్చుకున్న అలాంటి తుపాకులు చాలా ఇళ్లలో ఉండేవి. వాటిని వేటకు పనికొచ్చేలా మలిచేది ఓర్వాలే. తీరిక దొరికితే నేను అతని పొయ్యి పక్కన కూర్చునేవాణ్ణి. ఆ చెక్క పొట్టు వాసన ఇంకా నన్ను వదల్లేదు.

ఈ తుపాకీ నెల్స్‌ది. చెక్కను తన పొడుగు చేతులకు కొలిపించుకుని, అది తయారయ్యేలోపే పోయాడు. ఇప్పుడు దుప్పి వేటకు అతని భార్య సెల్మా వెళ్లాలి. చలికాలమంతా ఇంట్లో తినేది ఆ మాంసమే.

"ఆయన కొలతే ఉంచు ఓర్వాల్. కోశావంటే ఊరుకోను," అంది సెల్మా.

"ముందు వేటకోటు వేసుకురా తల్లీ. చొక్కా మీద తీసిన కొలత మంచులో పనికిరాదు."

ఆమె మందపాటి ఉన్నికోటు వేసుకొచ్చి తుపాకీ ఎత్తింది. భుజానికి ఆనే చెక్క చివర, తుపాకీ మడమ, చంక దగ్గరే చిక్కుకుంది.

"తప్పు కోటుది," అంది.

"అయితే కోటుతోనే పోట్లాడు. ఈలోగా దుప్పి కాఫీ తాగి వెళ్లిపోతుంది."

సెల్మా నవ్వింది. తర్వాత చాలాసేపు చెక్కను నిమురుతూ నిలబడింది.

"గురి తప్పి దుప్పిని కుంటిదాన్ని చేస్తే నెల్స్ నన్ను బతకనిచ్చేవాడా? కొయ్యి," అంది.

ఓర్వాల్ మడమ కోసి, నునుపు చేసి, నూనె పట్టించాడు. సెల్మా మళ్లీ ఎత్తినప్పుడు అది నేరుగా భుజంలో ఒదిగింది. అతను బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూపించి, తుపాకీని ఆమె చేతుల్లో పెట్టాడు.