ఎరుకకూ ధ్యానానికీ మధ్య ఆరిన్ టటిల్

ఆరిన్ టటిల్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ రెండింటినైనా ఎవరైనా ఒకటే అన్నారంటే ఆయన చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది. "ఒక చిన్న తేడా ఉంది" అంటాడు. ఆ చిన్న తేడా పూర్తయ్యేసరికి పొయ్యి మీది కాఫీ మరిగి మరిగి కషాయమవుతుంది.

అమెరికాలో వెర్మాంట్ కొండల్లోని ఆ ఊళ్లో ఈ దెబ్బ తినని వాళ్లు లేరు. మేపుల్ చెట్టు రసం కాచి తీసే పాకంలో మొదటి కాపుకూ చివరి కాపుకూ తేడా వినబోయి, పెళ్లికి ఆలస్యంగా వెళ్లిన పెళ్లికొడుకు కూడా ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఆరిన్ స్కూలు బస్సు నడిపాడు. వెనక్కి తిరక్కుండానే ఏ సీట్లో ఎవరు కక్కబోతున్నారో కనిపెట్టి, ముందే బండి ఆపేవాడని పేరు. ఆ బస్సులో పెరిగిన వాళ్లందరికీ అక్షరాలకంటే ముందు తేడాలే వచ్చాయి.

ఉద్యోగం మానేశాక కూడా ఆయన ఒక పని మానలేదు. రోజూ తెల్లారి ఆరు గంటలకు లైబ్రరీ కింద గదిలో నల్ల దిండు వేసుకుని, గోడకు ఎదురుగా కూర్చుని, ఊపిరి లెక్కపెడతాడు. ఒకటి నుంచి పది దాకా, మళ్లీ ఒకటి నుంచి. ఆయన బృందంలో ఇంకో ఇద్దరు ముసలివాళ్లున్నారు. ఇద్దరికీ చెవుడు. ఆ బృందం ముప్పై ఏళ్లుగా నిలిచిందంటే కారణం అదేనని గిట్టనివాళ్లు అంటారు.

అదే గదిలో గురువారాలు సాయంత్రం నాలుగింటికి మార్సీ పెల్కీ తరగతి. మార్సీ నర్సు. నిద్ర పట్టనివాళ్లనీ, నడుం పట్టేసినవాళ్లనీ, దిగులు వదలనివాళ్లనీ ఆసుపత్రి ఆమె దగ్గరికి పంపుతుంది. ఎనిమిది వారాలపాటు ఆమె వాళ్లకు మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఉన్నచోట ఉన్నదాన్ని ఎరుకతో గమనించడం నేర్పుతుంది. మొదటి రోజు ఆమె చేసిన తప్పల్లా, ఎరుకన్నా ధ్యానమన్నా ఒకటే అనుకోండి అనడం. వెనక వరసలో చెయ్యి లేచింది. ఇక దిగలేదు.

"ఒక చిన్న తేడా ఉంది, మార్సీ. ఎరుకంటే గిన్నెలు తోముతూ, తోముతున్నానని తెలిసి ఉండడం. ధ్యానమంటే గిన్నెలు అవతల పెట్టి, ఒకచోట కూర్చుని, మనసును ఒకే గుంజకు కట్టెయ్యడం. మీది బీడులో మేసే ఆవు. మాది కొట్టంలో కట్టేసిన ఆవు."

"పాలు ఏది ఎక్కువిస్తుంది?" అని అడిగింది డార్లీన్. మొగుడు పోయి రెండు నెలలు కాని డార్లీన్ ఆ గదిలో నోరు విప్పడం అదే మొదలు. ఆరిన్ ఆ ప్రశ్నకు పావుగంట జవాబిచ్చాడు.

మూడో వారం తలా ఒక ఎండు ద్రాక్ష ఇచ్చి, అయిదు నిమిషాలు దాన్ని చూడమనీ, తాకమనీ, ఆ తర్వాతే నోట్లో పెట్టుకోమనీ మార్సీ చెప్పింది. ఆమె మాట పూర్తయ్యేలోపే ఆరిన్ ద్రాక్ష కడుపులోకి చేరింది. అదేమిటని అడిగితే, మా దగ్గర పెట్టింది మిగల్చకుండా తినాలి, మీ దగ్గర పెట్టింది చూస్తూ కూర్చోవాలి, అక్కడే ఒక చిన్న తేడా ఉందన్నాడు. పైగా ఇంకోటి అడిగాడు.

పోనీ ఒకసారి వచ్చి పోయాడా అంటే అదీ లేదు. ఎనిమిది వారాలు ముగియగానే మళ్లీ మొదటి నుంచి చేరాడు. అలా అదే తరగతికి నాలుగోసారి. దిగులు వదలని డార్లీన్ కూడా వస్తూనే ఉంది. పట్టా మాత్రం పుచ్చుకోడు. ఎరుకకు పట్టా ఏమిటంటాడు. చిన్నప్పుడు తనను రోజూ బస్సులో బడికి చేర్చిన మనిషిని బయటికి పొమ్మనడానికి మార్సీకి నోరు రాక, పళ్లు బిగబట్టి భరించింది.

భరించే రోజులు కూడా అయిపోయాయి. ఒక గురువారం ఆసుపత్రి నుంచి పై అధికారిణి తరగతి చూడటానికి వచ్చింది. అధికారిణితో ఆరిన్ పదకొండు నిమిషాలు వాదించాడు. మర్నాడే ఉత్తరం వచ్చింది. ఆ పెద్దమనిషి ఎప్పుడెప్పుడు అడ్డుపడుతున్నాడో తేదీ, సమయం వేసి రాసి పంపి, ఆయన్ను మాన్పించాలి. లేదంటే తరగతే ఎత్తేస్తారు. డార్లీన్ లాంటివాళ్లకు ఆ కొండల్లో ఇంకో చోటు లేదని మార్సీకి తెలుసు. ఆరిన్‌ను పంపెయ్యాల్సిందే అనుకుంది. మూడు వారాలు కూర్చుని జాబితా రాసింది.

నాలుగో వారం అందర్నీ చాపల మీద పడుకోబెట్టి, కాలి వేళ్ల నుంచి ఒక్కొక్క అవయవాన్నే గమనించమంటోంది. చేతుల దాకా వచ్చేసరికి తన తల్లి చేతులు గుర్తొచ్చాయి. అంతకు ముందు ఆదివారమే తల్లి అంత్యక్రియలు చేసి వచ్చింది, ఎవరితోనూ అనలేదు. గొంతులో మాట అడ్డం పడింది.

"ఒక చిన్న తేడా ఉంది" అన్నాడు ఆరిన్.

అందరూ మూలుగుతూ అటు తిరిగారు. పడుకోవడానికీ ఒరగడానికీ తేడా నాలుగు నిమిషాలు నడిచింది. ఆ నాలుగు నిమిషాలూ మార్సీ వైపు చూసినవాడు లేడు. ఆమె కళ్లు తుడుచుకుని, ముక్కు చీదుకుని, నీళ్లు తాగి, అలవాటు కొద్దీ సమయం రాయడానికి జాబితా తీసింది. పాత వారాల్లో రాసినవి కళ్లబడ్డాయి.

నాలుగూ ఇరవై. డార్లీన్ పెదవి వణుకుతోందని తనే పక్కన రాసుకుంది. నాలుగూ నలభై. నిద్ర పట్టక తరగతికి వచ్చే క్లిఫ్ ఊపిరాడక చొక్కా గుండీ విప్పుకుంటున్నాడు. ఆరిన్ అడ్డుపడ్డ ప్రతి సమయం పక్కనా బాధ ఆపుకోలేకపోతున్నవాళ్లు ఎవరో ఒకరు ఉన్నారు. మార్సీకి తొమ్మిదో ఏట తన కుక్క చచ్చిపోయిన రోజు గుర్తొచ్చింది. బస్సులో మొహం కిటికీకి ఆనించుకుని కూర్చుంటే, ఆరిన్ బండి ఆపి, పిల్లలందర్నీ రోడ్డు అవతలి నీళ్లు చూడమని, చెరువుకూ సరస్సుకూ తేడా చెప్పి విసిగించాడు. తను ఏడ్చిన సంగతి బస్సులో ఎవరికీ తెలియలేదు.

తరగతి అయ్యాక ఆయన్ను ఆపింది.

"మీరు కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెడుతుంటారు కదా. కొట్టంలో ఆవుకు నా గొంతు ఎలా వినబడింది?"

ఆరిన్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎవరితో అనకు. ముప్పై ఏళ్లలో నా లెక్క ఏడు దాటలేదు. ఏడు దగ్గరికొచ్చేసరికి వెనక సీట్లో ఎవరో ముక్కు ఎగబీలుస్తారు."

మార్సీ జాబితా చింపి పొయ్యిలో వేసింది. అమ్మా, అడ్డంకులేవీ లేవు, ఆయన నా సహాయకుడు, తన పని తను చేశాడు అని ఆసుపత్రికి రాసి, ప్రతి గురువారం ఎవరికి ఏ క్షణాన ఆసరా అయ్యాడో గుర్తు తెచ్చుకుని వివరంగా రాసి జత చేసింది. అధికారిణి వారం రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ఒకటే షరతు. సహాయకుడికి పట్టా ఉండాలి.

అలా ఎనిమిదో వారం ఆరిన్ టటిల్ నాలుగు తరగతుల పట్టాలూ ఒక్కసారే అందుకున్నాడు. డార్లీన్ ముందు లేచి చప్పట్లు కొట్టింది, తర్వాత క్లిఫ్, తర్వాత అందరూ. ఆరిన్ చెయ్యెత్తాడు.

"ఒక చిన్న తేడా..." అని ఆగిపోయాడు.

మార్సీ అలవాటుగా గదంతా కలయజూసింది. ఎవరి కళ్లలోనూ నీళ్లు లేవు, ఆ ఎత్తిన చేతి కింద ఉన్న కళ్లలో తప్ప. వెంటనే ఆమె చెయ్యెత్తింది.

"ఆరిన్ గారూ, చెరువన్నా సరస్సన్నా ఒకటే కదా?"

గదంతా మూలుగుతూ ఆమె వైపు తిరిగింది. ఆరిన్ తీరిగ్గా జేబురుమాలు తీసుకుని, పని కానిచ్చి, గొంతు సవరించుకున్నాడు. ఆ రోజు తేడా ఇరవై రెండు నిమిషాలు పట్టింది. కాఫీ కషాయమైంది.