అల్ ఐన్ తోటలో స్థానిక రైతు

2022 అక్టోబరు మొదటి సోమవారం నాకు కొత్త బాధ్యత అప్పగించారు. అబుదాబిలో ఇళ్లకు ఆయాలను, వంటమనుషులను సమకూర్చే ఒక సంస్థలో అప్పటికి పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. నా హోదా సీనియర్ వెల్ఫేర్ ఆఫీసర్. జూనియర్ వెల్ఫేర్ ఆఫీసర్ అంటూ ఆ సంస్థలో ఎన్నడూ ఎవరూ లేరు. వరుసలో నేను డ్రైవర్లకు పైన, సేల్స్ విభాగంలో నిన్న చేరినవాడికి కింద. యజమానురాలికి కోపం వస్తే వినాలి, ఆయాకు ఏడుపు వస్తే వినాలి, ఇద్దరిలో ఎవరూ మా సంస్థను వదిలిపోకుండా చూడాలి. సంక్షేమం అంటే అదే.

కొత్త బాధ్యత పేరు సాంస్కృతిక విహారాలు. దానికి మూలపురుషుడు మా ఆపరేషన్స్ మేనేజర్ భాస్కర్ గారు. విజయవాడ మనిషి. డ్రైవర్లు తనను అరబ్బీలో ‘ముదీర్’, అంటే మేనేజర్, అని పిలిస్తే ఆ పూట ప్రసన్నంగా ఉండేవారు. ఐరోపాలో పరాయి దేశపు అమ్మాయిలు ఒక కుటుంబంతో ఉంటూ పిల్లల్ని చూసుకుంటారని, వాళ్లను ఓపేర్లు అంటారని ఆయన ఎక్కడో చదివారు. ఓపేర్ పనిమనిషి కాదట, ఇంటిమనిషి కింద లెక్కట. ఆమెకు అక్కడి భాష నేర్పుతారు, నలుగురితో కలిపి ఊళ్లు చూపిస్తారు. ఇది చదివిన భాస్కర్ గారు మా ఆయాలను కూడా ఇకపై ఓపేర్లు అనాలని, కస్టమర్లకు ప్యాకేజీ ధర పెంచాలని నిర్ణయించారు. ఆయాల జీతం ఒప్పందం ప్రకారం అంతే ఉంది. భాష నేర్పడం ఖర్చని కొట్టేశారు. ఊళ్లు చూపించడం మిగిలింది, అందులో ఫోటోలు వస్తాయి కాబట్టి. ‘ఇంటిమనిషి’ అన్న మాట ఆయనకు ప్రత్యేకంగా నచ్చింది. ఇంటిమనుషులకు ఓవర్‌టైమ్ ఉండదు.

విహారం ఆయా వారపు సెలవునాడే జరగాలి. ఆ సెలవు చట్టం ఇచ్చినదే అయినా యజమానురాలి అనుమతి తీసుకోవాలని భాస్కర్ గారి ఉత్తర్వు. చట్టం సంగతి ఏమిటని అడిగాను. ‘‘చట్టం చట్టమే మేడమ్, కస్టమర్ కస్టమరే’’ అన్నారు. అనుమతికి షరతులు ఉండేవి. ఫోనులో లొకేషన్ కనబడుతూ ఉండాలి. ఆగిన ప్రతిచోటా ఒక ఫోటో పంపాలి. చీకటి పడకముందే తిరిగి రావాలి. చివరి షరతు ఎవరూ రాసి పంపలేదు, బస్సు బయలుదేరేటప్పుడు తలుపు దగ్గర తెలిసేది. ‘‘ఎలాగూ సీటు ఖాళీగా ఉంది కదా ఆంటీ, పిల్లలు కూడా చూసొస్తారు’’ అని యజమానురాళ్లు నాతో అనేవారు. నవంబరులో సముద్రపు ఒడ్డున ఉన్న కార్నిష్‌కు పదకొండు మంది ఆయాలు వచ్చారు, పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు. డిసెంబరులో మ్యూజియంకు తీసుకువెళ్లాను. మా ఓపేర్లు అక్కడి సంస్కృతిని చాలావరకు డైపర్లు మార్చే గదిలో గ్రహించారు.

జనవరిలో షంషాద్ ఆఫీసుకు వచ్చింది. రాయచోటి దగ్గరి పల్లె. అబుదాబి శివారులోని మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో శ్రావణి అనే బ్యాంకు ఉద్యోగిని ఇంట్లో ఇద్దరు పిల్లల్ని చూసుకునేది. ఐడీ కార్డు పని అయ్యాక కూడా కుర్చీలోంచి లేవలేదు.

‘‘అమ్మా, ఈ తూరి అల్ ఐన్‌కు పిలుచుకోని పోండి.’’

‘‘అక్కడ ఏముంది?’’

‘‘మా ఇంటాయన ఉండాడు. ఖర్జూరం తోటలో. చూసి రెండేండ్లు దాటిపాయ.’’

అబుదాబి నుంచి అల్ ఐన్‌కు బస్సులో రెండు గంటల ప్రయాణం. ఎందుకు వెళ్లలేదని నేను అడగలేదు, అడగనవసరం లేదు. భర్త ఇదే దేశంలో ఉన్న ఆయాను ఇళ్లవాళ్లు తీసుకోరు. మాటిమాటికీ సెలవు అడుగుతుందని, కడుపుతో ఉంటుందని, ఒకరోజు చెప్పకుండా వెళ్లిపోతుందని భయం. తెలిస్తే మూడోనాడు ఆమె పెట్టె మా ఆఫీసు వరండాలో ఉంటుంది, ఆ వారంలోనే ఊరికి టికెట్. ఇంటర్వ్యూలో నేనే ఉన్నాను. నీ భర్త ఏం చేస్తాడని శ్రావణి అడిగితే ‘‘సేద్యం’’ అని షంషాద్ చెప్పింది. ఏ దేశంలో అని శ్రావణి అడగలేదు.

‘‘సెలవునాడు బయటికి పంపదా?’’ అన్నాను.

‘‘సెలవు ఇస్తాదమ్మా. ఇంట్లోనే తీసుకోమంటాది. ఊరికే కూచునేదానికి పిల్లోళ్లను కూడా జూసుకో అంటాది.’’

నేను నియమాలకు కట్టుబడే మనిషిని. విహారాల నియమావళిలో ఏడో అంశం ప్రకారం ఆయాలను కలవడానికి సందర్శకులెవరూ రాకూడదు. తొమ్మిదో అంశం ప్రకారం ప్రతి విహారానికీ స్థానిక నిపుణుడు ఒకరు గైడుగా తప్పనిసరి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివాను. గైడు సందర్శకుడు కాడు.

ఫిబ్రవరిలో ఖర్జూరపు చెట్లకు పుప్పొడి కట్టే పని మొదలవుతుంది కనుక అల్ ఐన్ తోట చూపిద్దామని భాస్కర్ గారికి ప్రతిపాదన పెట్టాను.

‘‘గైడు లోకల్ అయి ఉండాలి మేడమ్. బ్రోచర్‌లో లోకల్ ఫార్మర్ అని వేయాలి’’ అన్నారు.

ఒకే తోటలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి ఉన్నాడని, అరబ్బీ బాగా మాట్లాడతాడని, పైసా తీసుకోడని చెప్పాను. చివరి మాట వినగానే ఆయన సంతకం చేశారు. ఆ మనిషిది ఏ ఊరని అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. అల్ ఐన్‌లో ఖర్జూరపు చెట్టెక్కే లోకల్ రైతు కావాలంటే రాయచోటిలోనో పెషావర్‌లోనో వెతకాలని కూడా చెప్పేదాన్ని.

ఫిబ్రవరి రెండో ఆదివారం బయలుదేరాం. ఆయాలు తొమ్మిది మంది, పిల్లలు పన్నెండు మంది. షంషాద్ అనుమతికి శ్రావణికి మూడుసార్లు ఫోను చేయవలసి వచ్చింది. చివరికి ఆరేళ్ల ఆద్య, మూడేళ్ల విహాన్ కూడా వస్తారన్న ఒప్పందం మీద పంపింది. భాస్కర్ గారు కెమెరాతో తన కారులో వెనకాలే వచ్చారు.

తోట గేటు దగ్గర షంషాద్ భర్త మస్తాన్ వలి నిలబడి ఉన్నాడు. తలకు గుడ్డ చుట్టుకుని, భుజాన చెట్టెక్కే తాడు వేసుకుని ఉన్నాడు. నాకు సలాం చెప్పాడు, అందరికీ చెప్పాడు. షంషాద్ వైపు మాత్రం చూడలేదు. షంషాద్ ఒక చెట్టును చూస్తోంది. బస్సులోనే ఎవరు ఎవరికి చెప్పారో గాని, మిగిలిన ఎనిమిది మందికీ విషయం తెలుసు. తెలియనిది భాస్కర్ గారికే.

మస్తాన్ వలి చెట్టు మొదట్లో నిలబడి మొదలుపెట్టాడు.

‘‘మగ చెట్టు యాడనో గట్టు మీద ఒగటి ఉంటాది. ఆడ చెట్లు ఈడ యాభై ఉంటాయి. గాలికి ఇడిసిపెడితే కాయ సరింగా పట్టదు. మనిషి ఎక్కి, మగ పువ్వు తెచ్చి, ఆడ గెల నడుమ పెట్టి కట్టాల.’’

నరసాపురం నుంచి వచ్చిన మేరీ అనే ఆయా చెయ్యెత్తింది. ‘‘ఏవండీ గైడు గారూ, మీరు ఆకాశంకేసి చూసి చెబుతున్నారు. వినేవోళ్లం ఇటున్నామండి.’’

మస్తాన్ వలి చూపు దించాడు. దించినచోట షంషాద్ ఉంది. చెప్పవలసిన తర్వాతి మాట మరిచిపోయాడు.

‘‘మరి కట్టేవోడు రాకపోతేనండీ?’’ అంది మేరీ.

‘‘పిందె రాలిపోతాది.’’

‘‘పాపం, ఈ చెట్టుకు రెండేళ్లుగా ఎవరూ రాలేదనుకుంటానండి.’’

అందరూ నవ్వారు. భాస్కర్ గారు కూడా నవ్వి, ఫోటో సరిగా రాలేదని, ఇంకోసారి అలాగే నవ్వమని అడిగారు.

అప్పుడే బనియను, అడ్డపంచె కట్టుకున్న ఒక ముసలాయన ఖహ్వా అనే అరబ్బీ కాఫీ ఫ్లాస్కు, చిన్న కప్పులు పట్టుకుని వచ్చి ఫోటోకు అడ్డుగా నిలబడ్డాడు. భాస్కర్ గారు చెయ్యి ఊపి, ‘‘భాయ్, థోడా సైడ్ మే’’ అన్నారు. ముసలాయన పక్కకు జరిగాడు. ఆయన ఆ తోట యజమాని, మస్తాన్ వలికి వీసా ఇచ్చిన కఫీల్. ఆ రోజు అక్కడున్నవారందరిలో ఆ దేశంలో పుట్టినవాడు ఆయనొక్కడే. పనివాడి భార్య వస్తోందని తెలిసి ఖహ్వా స్వయంగా కాచి తెచ్చాడని తరువాత విన్నాను.

కార్యక్రమంలో తర్వాతి అంశం ప్రత్యక్ష శిక్షణ. ఒక ఓపేర్‌ను ఎంపిక చేసి, తోట చివరి చెట్టు దగ్గర గైడు స్వయంగా పని నేర్పాలి. ఎంపిక అధికారం నాది. మిగిలినవారికి అదే సమయంలో ఖహ్వా. పిల్లల్ని ఎనిమిది మందీ పంచుకున్నారు, నేను చెప్పనక్కరలేకపోయింది. ఒక్క విహాన్ మాత్రం షంషాద్ చంక దిగలేదు. అందువల్ల రెండేళ్ల తరువాత ఆ భార్యాభర్తలు కలిసింది బ్యాంకు ఉద్యోగిని కొడుకును మధ్యలో పెట్టుకుని.

నేను మాటలు సరిగా వినబడనంత దూరంలో నిలబడ్డాను. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. మస్తాన్ వలి ఒక ఖర్జూరపు పండులోంచి గింజ తీసేసి సగం పిల్లవాడికి పెట్టాడు, సగం షంషాద్‌కు ఇచ్చాడు. తరువాత పిల్లవాణ్ణి తన భుజాల మీద ఎక్కించుకున్నాడు. అప్పుడు షంషాద్ ఫోను మోగింది. వీడియో కాల్, శ్రావణి. ఎత్తకపోతే ఇంకో ఫోను నాకు, దాని తరువాతది భాస్కర్ గారికి. ఎత్తింది. నేను దగ్గరికి నడిచాను. ఎక్కడినుంచో ఆద్య పరుగెత్తుకొచ్చి ఫోనుకు ముఖం ఆనించింది.

‘‘మమ్మీ, ఆయా ఏడుస్తోంది.’’

‘‘ఎందుకు షంషాద్?’’

‘‘కంట్లో పుప్పొడి పడింది మేడమ్.’’

‘‘ఆ చేత్తో బాబును ముట్టుకోకు. శానిటైజర్ రాసుకో. బాబేడీ?’’

ఫోను తిప్పక తప్పలేదు. తెర మీద మస్తాన్ వలి, అతని నెత్తిన తబలా వాయిస్తున్న విహాన్ కనిపించారు. ‘‘అతనెవరు?’’ అంది శ్రావణి. షంషాద్ చేతిలోంచి ఫోను నేను తీసుకున్నాను.

‘‘గైడు అమ్మా’’ అన్నాను.

‘‘ఆంటీ, వాడు వాళ్ల నాన్న దగ్గర కూడా అంతసేపు ఏడవకుండా ఉండడు’’ అంది శ్రావణి. తరువాత అతన్నే అడిగింది. ‘‘తెలుగేనా? ఏ ఊరు?’’

‘‘రాయచోటి పక్కనమ్మా.’’

‘‘అరె, మా షంషాద్‌దీ అటువైపే. పెళ్లయిందా?’’

‘‘అయిందమ్మా.’’

‘‘మీ ఆవిడ ఏం చేస్తుంది?’’

మస్తాన్ వలి విహాన్ కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు. ‘‘పిల్లోళ్లను జూసుకుంటా ఉండాదమ్మా.’’

‘‘అదృష్టవంతురాలు’’ అంది శ్రావణి. ‘‘మాకా యోగం లేదు.’’

కాల్ ముగిసింది. శిక్షణకు ఇంకా కొంత సమయం మిగిలింది. ఆద్యను నేను తీసుకువెళ్లి, ఖహ్వా చేదుగా ఎందుకు ఉంటుందో వివరించాను.

నాలుగు రోజులకు శ్రావణి ఆఫీసుకు ఫోను చేసింది. ఫిర్యాదు అనుకుని నియమావళి ముందు పెట్టుకున్నాను. ఫిర్యాదు కాదు. వాళ్ల వైపు తెలుగు కుటుంబాలు ఆరు ఆ తోటకు పిక్నిక్ వెళ్లాలనుకుంటున్నాయి, ఆ గైడు ఉంటాడా అని. ఉంటాడన్నాను. షంషాద్‌ను పంపుతారా అని మాట వరసకు అడిగాను.

‘‘పంపడమేంటి ఆంటీ? అది లేకుండా ఇద్దరు పిల్లలతో నేనెలా వెళ్తాను?’’

మార్చిలో వెళ్లారు. మొగవాళ్లు మాంసం కాల్చారు, ఆడవాళ్లు నీడలో కూర్చున్నారు. ఆయాలు పిల్లల్ని చూసుకున్నారు, గైడు ఆయాలకు సాయం చేశాడు. ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లారు. ఎండలు ముదిరాక ఆగి, అక్టోబరు చివర తిరిగి మొదలుపెట్టారు. నెలకొకసారి అన్నది ఆ ఆరు ఇళ్లలో ఆచారమైపోయింది. ఆ ప్రయాణాలకు లొకేషన్ అక్కరలేదు, ఫోటోలు అక్కరలేదు. అనుమతి ఊసే లేదు. వెళ్దామనేది యజమానురాలే.

ఓపేర్ పథకం ఆ మే నెలలోనే మూతపడింది. ఓపేర్ ఇస్త్రీ చేస్తుందా అని కస్టమర్లు అడిగారు. చేస్తుందన్నాం. వంట చేస్తుందా? చేస్తుందన్నాం. మరి ఎక్కువ ధర దేనికని అడిగారు. బ్రోచర్ ముఖచిత్రం మాత్రం రిసెప్షన్ గోడ మీద ఉండిపోయింది. శిక్షణ చివర భాస్కర్ గారు తీసిన ఫోటో అది. షంషాద్ గెలకు పువ్వు కడుతోంది, మస్తాన్ వలి కింద తాడు పట్టుకుని పైకి చూస్తున్నాడు. ‘స్థానిక రైతు వద్ద స్థానిక సంస్కృతి నేర్చుకుంటున్న మా ఓపేర్’ అని కింద రాయించారు. ఫోటో అంచున ఒక మోచెయ్యి, ఒక కప్పు కనిపిస్తాయి. అవి కఫీల్‌వి.

నేను 2024 జూన్‌లో పదవీ విరమణ చేశాను. అప్పటికి షంషాద్ అదే ఇంట్లో ఉంది, పిక్నిక్‌లు సాగుతున్నాయి. ఈ వృత్తిలో నాకు తెలిసివచ్చింది ఇది. ఆయా సెలవును ఆయా పేరున అడిగితే మూడు ఫోన్లు, నాలుగు షరతులు. అదే సెలవును యజమానురాలి సౌకర్యంగా మార్చి చూపితే ఆమే కారు తీసి ముందు కూర్చుంటుంది. చట్టం కన్నా ఇది నమ్మకంగా పనిచేస్తుంది. ఇలా ఉండకూడదు, కాని నేను పనిచేసినంత కాలం ఇలాగే ఉంది.

నా స్థానంలోకి వచ్చిన అమ్మాయికి బాధ్యతలు అప్పగించేటప్పుడు నియమావళి అంతా చదివి వినిపించాను. సొంతంగా చెప్పినవి రెండే. అడిగినదానికే జవాబు చెప్పు. అల్ ఐన్ గైడును మార్చకు.