గుండీలు మాత్రమే మిగిలాయి

ఆ వీధిలో ఆయన్ను రేపు మాస్టారంటారు. దర్జీ. బట్టలు ఎప్పుడిస్తావని ఎవరడిగినా రేపంటాడు.

కొట్టు ఒకటే గది. తలుపు పక్కన కుట్టుమిషను, వెనక బల్ల, గోడ పొడవునా రెండు అరలు. కత్తిరించిన బట్టలు కింది అరలో, కత్తిరించనివి పై అరలో. పై అర ఎప్పుడూ నిండుగా ఉంటుంది.

ఆయన అబద్ధాలు కూడా కొలతలు తీసి కుట్టినవే. తొందరపడే మనిషికి కాజాలు తీస్తున్నానని చెప్పేవాడు. కోపిష్ఠికి, మీదైతే మిషను మీద కాకుండా చేత్తో కుడుతున్నానని చెప్పేవాడు. అనుమానపు మనిషికి ఇంకెవరిదో సగం కుట్టిన చొక్కా తీసి దూరంనుంచే చూపించేవాడు. వాళ్ళెవరూ నమ్మేవారు కాదు. రేపంటే వచ్చే వారమని లెక్క వేసుకుని వెళ్ళిపోయేవారు. కానీ అబద్ధమాడాక ఆయన స్థిమితంగా ఉండలేడు. ఆ మనిషి మొహం కళ్ళ ముందు ఆడుతూ ఉంటుంది. ఆ గుడ్డే ముందు కిందికి దించేవాడు. కొట్టు ఇన్నేళ్ళూ అలాగే నడిచింది.

ఆయన బావమరిది ఫోన్లు అమ్ముతాడు. ఒకరోజు కొట్టుకొచ్చి, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని గుడ్డ కత్తిరిస్తున్న మాస్టారిని చూశాడు.

"బావా, ఇలాగైతే ఎప్పుడో చెవి కత్తిరించుకుంటావు. నీ బదులు మాట్లాడేది ఒకటి ఫోన్లో పెడతాను. అడిగినవాళ్ళకి అదే జవాబు చెప్తుంది."

"నా గొంతుతోనా?"

"నీకంటే మంచి గొంతుతో."

"నా పని దానికేం తెలుసు?"

"ఎవరిది ఎంతవరకు వచ్చిందో పొద్దున్నే దానికి చెప్పు. చాలు."

ఆ గొంతు మొదటి వారం నిజం చెప్పింది. "మీ గుడ్డ ఇంకా కత్తిరించలేదండి. పై అరలో ఉంది." ఎంతో మర్యాదగా, అందరికీ చెప్పింది. జనం కొట్టు మీదికొచ్చారు. అందరికంటే ముందు వచ్చింది కోర్టు గుమాస్తా.

"ఏమయ్యా, పై అరలో ఉందని నా మొహం మీదే చెప్పిస్తావా? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా నన్ను ఇంత మాటన్నావా?"

"లేదండి."

"మరి ఇప్పుడేమొచ్చింది? డబ్బున్నవాళ్ళు దొరికారా?"

బావమరిదికి కబురు వెళ్ళింది. "దానికి అబద్ధం రాదు బావా. నేర్పితే వస్తుంది. ఏం నేర్పమంటావు?" అన్నాడు. మాస్టారు చాలాసేపు ఆలోచించాడు. ఇన్ని అబద్ధాల్లో ఏదో ఒకటే చెప్పమంటే ఆయనకు ఎటూ తేలలేదు. చివరికి, గుండీలు మాత్రమే మిగిలాయి, రేపు రండి, అని చెప్పించాడు.

అప్పటినుంచి అందరికీ అదే జవాబు. తలగడ గలీబులిచ్చిన ఆవిడకీ గుండీలే మిగిలాయి. కిటికీ తెరలిచ్చిన హోటలాయన కొట్టుకే వచ్చాడు.

"తెరలకి గుండీలేంటి మాస్టారూ?"

"కొత్త ఫ్యాషనండి."

హోటలాయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అయితే పెద్దవి పెట్టండి."

కొట్టు ప్రశాంతంగా ఉంది. అబద్ధాలు వెళ్తున్నాయి, కానీ ఆయన నోటినుంచి కాదు. ఎవరి మొహమూ కళ్ళ ముందు ఆడటం లేదు. కుట్టే పని ఫోనుకు లేదు, సిగ్గుపడే పని ఆయనకు లేదు. పై అర పైకప్పు దాకా పెరిగింది. మాస్టారు పగలే కునుకు తీయడం మొదలుపెట్టాడు.

ఆ అరలో ఒక నీలం గుడ్డ ఉంది. భార్యది. ఆమె పనిచేసేది గ్రంథాలయంలో. చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తూ ఏళ్ళ తరబడి వెనక గదిలోనే ఉండిపోయింది. ఇప్పుడు గ్రంథాలయం ఆమె చేతికే ఇచ్చారు. సోమవారం నుంచి ముందు బల్ల దగ్గర కూర్చోవాలి. పాత కోటు మోచేతుల దగ్గర చిరిగిపోయింది.

"దర్జీ పెళ్ళాం మోచేతులు ఊరంతా చూస్తుంది. కొత్త కోటు లేకపోతే నేను ఆ కుర్చీలో కూర్చోను," అంటూ గుడ్డ ఇచ్చింది. ఆ తర్వాత ఇంట్లో ఆ ఊసెత్తలేదు. అడిగితే ఆయన ఏం చెప్తాడో తెలుసు. శనివారం మాత్రం గ్రంథాలయం నుంచి కొట్టుకు ఫోన్ చేసింది.

ఆదివారం పొద్దున కొట్టుకొచ్చింది. మాస్టారు బల్ల మీద తల వాల్చి ఉన్నాడు.

"కోటేదండీ?"

ఆయన లేచి పై అరకేసి చూశాడు. ఆమె కూడా చూసింది. నీలం గుడ్డ మడత విప్పకుండా ఉంది.

"గుండీలే మిగిలాయన్నారుగా?"

"నేనెప్పుడన్నాను?"

"నిన్న ఫోన్ చేశాను."

"అది నేను కాదే. అందరికీ అదే చెప్తుంది. దాని మాట నమ్మావా?"

"మీరు చెప్పుంటే నమ్మేదాన్ని కాదు. పాత దానికే మోచేతుల దగ్గర అతుకులు వేసుకునేదాన్ని. అది నీళ్ళు నమలకుండా చెప్పింది. నిజమేననుకుని, పాత కోటు మా ఊడ్చే ఆవిడకి ఇచ్చేశాను."

ఆయన బల్ల మీది గుడ్డ ముక్కలు పక్కకు నెట్టాడు.

"నాతో అబద్ధం చెప్పడానిక్కూడా మీకు తీరిక లేకపోయిందా?"

మాస్టారు బల్లెక్కి నీలం గుడ్డ దించాడు. పరిచాడు. సుద్దముక్క చేతిలోకి తీసుకుని, "రేపు పొద్దున కల్లా..." అని మొదలుపెట్టాడు. ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నేనిక్కడే ఉంటాను. కుట్టండి."

కొలతలు అడగలేదు. ఆయనకు గుర్తున్నాయి. కత్తెర కదిలింది. కాసేపటికి ఫోన్ మోగింది. ఆ గొంతు అందుకునే లోపే ఆమె తీసింది.

"మీదింకా కత్తిరించలేదండి. నేను వాళ్ళావిడను. వచ్చే వారం రండి. అవునండి, పక్కనే ఉన్నారు. సిగ్గుపడుతున్నారు."

అవతల కోర్టు గుమాస్తా. "సిగ్గుపడుతున్నాడా? అయితే కుడతాడు లెండి," అని పెట్టేశాడు.

చీకటి పడకముందే కోటు అయింది. కుడి చెయ్యి కాస్త పొడుగైంది. విప్పుతానన్నాడు. వద్దని ఆమె అంచు ఒక మడత మడుచుకుంది.

సోమవారం ముందు బల్ల మీద మోచేతులు రెండూ ఆనించి కూర్చుంది. పుస్తకం తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ కోటు ఎక్కడ కుట్టించారని అడిగింది. చెప్పింది.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"ఎదురుగా కూర్చుంటే ఒక్క రోజు," అన్నది.