మూడో వంతని నేనే చెప్పాను

తన కూతురికి హాస్టల్ బడిలో సీటు రాలేదన్న కబురు నాకు మొదట తెచ్చింది పక్కింటి జమీలా. తొమ్మిదేళ్లయింది. ఆ రోజు ఆమెకు నేను చెప్పిన అబద్ధాన్ని ఇన్నేళ్లూ మోస్తూనే ఉన్నాను. మీ ముందు దించుతున్నాను.

నేను బడికి పోలేదు. ప్రొద్దుటూరులో మా నాయన తన బట్టల అంగట్లో కూచోబెట్టుకుని లెక్కలు నేర్పాడు. పాయింట్ ఐదు మీటరంటే అర. పాయింట్ రెండు ఐదంటే పావు. పాయింట్ మూడంటే మూడో వంతు. ఆ మాత్రం చదువు దక్కినందుకు దీపం పెట్టిన ప్రతిసారీ దేవునికి దండం పెట్టుకుంటాను, ఈ రోజుకీ. కానీ నాయన ముప్పై సెంటీమీటర్లు కొలిచి, పైన రెండు వేళ్ల గుడ్డ వదిలి చించేవాడు. ఆ రెండు వేళ్లు కలిస్తేనే అది మూడో వంతయ్యేది. రోజూ కళ్లారా చూసినదాన్ని, నాకెందుకు తట్టలేదు? చుక్క తర్వాత ఒక్క అంకె ఉంటే కింద పది వేయాలి. పదింట మూడు. అంతే కదా, ఇందులో ఏముంది? తలుచుకుంటే నా మీద నాకే విసుగు.

జమీలా కూతురు నస్రీన్ అప్పుడు ఐదో తరగతి. పులివెందుల హాస్టల్ బడి ప్రవేశ పరీక్షకు నా దగ్గరే లెక్కలు నేర్చుకుంది. పాయింట్ మూడును మూడు సార్లు కలిపితే ఒకటి రావడం లేదే, పాయింట్ తొమ్మిదే వస్తోందే అని అడిగింది కూడా. పదేళ్ల పిల్లకు వచ్చిన అనుమానం నాకు రాలేదు. చెప్పింది రాసుకో అని కసిరి, దాని నోటుబుక్కులో నా చేత్తోనే రాసిచ్చాను.

"ఒక్క మార్కులో పోయిందంటక్కా," అంది జమీలా. "పాయింట్ మూడుకు మూడో వంతని ఎవురు చెప్పినారని బడి సారు అడిగినాడంట. పెద్దమ్మే చెప్పిందంటాంది ఇది. నువ్వు చెప్పినావా?"

"నేనెందుకు చెప్తా జమీలా? దాని గ్యానం యాడుండిందో."

"అట్లా చెప్పు. ఉప్పు తెమ్మంటే చక్కెర తెచ్చే మొగమిది. పైగా నీ మీద చాడీలొకటి."

నస్రీన్ ఆ నోటుబుక్కు చంకలో పెట్టుకునే నిలబడి ఉంది. తెరిచి చూపించలేదు. నా వైపు ఒకసారి చూసి తల వంచుకుంది. జమీలాకు చదవడం రాదు, నిజమే, కానీ ఆ పిల్ల ఊరుకున్నది అందుకు కాదు. నన్ను కాపాడింది. నేను కాపాడనిచ్చాను.

మళ్లీ పరీక్ష రాయించలేదు వాళ్లు. నస్రీన్‌కు అబద్ధాలకోరన్న పేరు మాత్రం ఆ ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు జమ్మలమడుగులో ఒక టైలరు దగ్గర జాకెట్లు కుడుతోంది. చదువుకుని ఉంటే ఏమయ్యేదో? ఆ లెక్క నాకు చేతకాదు.

ఇది రాసే ముందు జమీలా ఇంటికి పోయి అంతా చెప్పాను. ఆమె నన్ను కూచోమనలేదు. అననక్కర్లేదు. చెప్పానన్నదొక్కటే నాకు కాస్త ఊపిరి ఆడనిస్తోంది.

నన్ను మరిచిపోయినా ఫరవాలేదు. నస్రీన్‌ను గుర్తుపెట్టుకోండి. ఆ పిల్ల నిజమే చెప్పింది.