డాన్యూబ్ మీద దలా సరంగు

2024 ఆగస్టు. యాంగోన్‌లో ముసురు పట్టి వారం దాటింది. చౌక్తడాలో, పాన్సోడాన్ వీధిలో, రెండో అంతస్తులో మా ట్రావెల్ ఆఫీసు. అక్కడ నేను టూర్ లీడర్‌ని. అంటే మింగళాడోన్‌లో విమానం ఎక్కించింది మొదలు తిరిగి అక్కడే దింపేదాకా గ్రూపు వెంట ఉండే మనిషిని. పదిహేడేళ్ళుగా ఇదే పని. ఆ నెల పదహారు మందిని బుడాపెస్ట్ తీసుకువెళ్ళాను. పదిహేను మంది బర్మావాళ్ళు. పదహారో మనిషి మా వీధి అప్పలస్వామి బాబాయి.

బాబాయి తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి రేవులో మూటలు మోయడానికి వచ్చారట. బాబాయి సరంగు అయ్యాడు. పాన్సోడాన్ రేవు నుంచి ఏటి అవతల దలాకి జనాన్ని దాటించే లాంచీని ముప్ఫై ఏళ్ళకు పైగా నడిపి రిటైరయ్యాడు. సింగపూర్‌లో నర్సుగా చేస్తున్న కూతురు, తండ్రికి డెబ్బయ్యేళ్ళు నిండాయని ఈ టూరు బుక్ చేసింది.

"కోటలూ మేడలూ నాకెందుకమ్మీ? నానెల్లను," అని ఆఫీసులో కూర్చుని తేల్చేశాడాయన.

నేను ఇటినరరీ తీశాను. ఏ రోజు ఎక్కడ ఏం చూస్తామో రాసుండే కాగితం అది. ఐదో రోజు మీద వేలు పెట్టి చూపించాను.

"ఇదిగో బాబాయ్, డాన్యూబ్ నది మీద మూడు గంటల పడవ ప్రయాణం. నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టే పూచీ నాది."

"ఎంత పడవ?"

"రెండంతస్తులది."

పాస్‌పోర్టు తీసి బల్లమీద పెట్టాడు.

బుడాపెస్ట్‌లో నాలుగు రోజులు రాజభవనం, పార్లమెంటు, వేడినీటి స్నానశాలలు అన్నీ తిరిగాం. బాబాయి చాలావరకు బస్సులోనే కూర్చున్నాడు. దిగమంటే, "చూసేనమ్మీ, బాగున్నాది," అనేవాడు కళ్ళు మూసుకునే. గ్రూపులో డా మ్యా అని రిటైరైన స్కూలు టీచరు ఉన్నారు. "ఊ టున్‌కి ఒంట్లో బాగాలేదా?" అని ఆవిడ రెండుసార్లు అడిగారు. బర్మావాళ్ళలో బాబాయి పేరు అదే. కూతురైతే రోజూ ఫోనే. "నాన్న నవ్వుతున్నాడా అక్కా?" అని. ఐదో రోజు చూడమ్మా అంటూ వచ్చాను.

ఐదో రోజు విషెగ్రాడ్ వెళ్ళాం. నగరం నుంచి గంట దూరం. డాన్యూబ్ అక్కడ ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. కొండ మీద పాత రాజుల కోట, కింద వాళ్ళ భవనం శిథిలాలు. మా బస్సు వన్-వే ట్రాన్స్‌ఫర్, అంటే దింపి వెళ్ళిపోయేది. తిరుగు ప్రయాణం పడవలో కదా. కోట చూసి కిందికి వచ్చేసరికి బాబాయి నది ఒడ్డున రాళ్ళ మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"పడవ రాదమ్మీ."

"ఏటి బాబాయ్ అలాగంటావు? పొద్దున్నే కనుక్కున్నాం, వస్తుందట."

"ఆ రాళ్ళ మీద నాచు సూడు, ఎండిపోనాది. నీరు బాగా తీసీసింది. రెండంతస్తులది వొస్తే నేల తగిలీస్తాది."

నేను నమ్మలేదు. ఇరవై నిమిషాలకు అక్కడి లోకల్ గైడు ఫోను చెవిన పెట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. నీళ్ళు చాలక పడవ రద్దయింది. నగరం నుంచి వేరే బస్సు రావాలంటే రెండున్నర గంటలు. మండే ఎండ. కొండ ఎక్కి దిగిన కాళ్ళతో పదిహేను మంది నా మొహం వంక చూస్తున్నారు. వాళ్ళందరికంటే నన్ను బాధపెట్టింది బాబాయికిచ్చిన మాట.

పక్కన కూలబడ్డాను. "నీకు చెప్పింది చెయ్యలేకపోయాను బాబాయ్."

ఆయన వినలేదు. అవతలి ఒడ్డు చూస్తున్నాడు. అటువైపు ఒక రైలు పోతోంది.

"అది సిటీకేనా?"

గైడుని అడిగితే అవునన్నాడు, ముప్పావుగంటలో వెళ్ళిపోతుందన్నాడు.

"మరి ఇదుండగా బస్సెందుకు?" అని కిందికి చెయ్యి చూపించాడు. చదునైన ఇనప బల్లకట్టు, దాని పక్కన తాళ్ళతో కట్టిన చిన్న మరపడవ. ఊరి జనం రోజూ ఏరు దాటే రేవుపడవ అది. ఆ మలుపుకి అంతకుముందు మూడు గ్రూపుల్ని తెచ్చాను. ఒక్కసారీ దాన్ని చూసిన గుర్తు లేదు.

అందరం ఎక్కాం. నాలుగు కార్లు, సైకిళ్ళు, కూరల సంచులతో ఆడవాళ్ళు, ఒక కుక్క. బాబాయి వెన్ను నిటారుగా అయింది. మరపడవ కదలగానే తనలో తాను మొదలుపెట్టాడు. "ఆగు, ఆగు, ఇంకా తిప్పకు... ఇప్పుడు!" ఆ మాటకి సరిగ్గా పడవ తిరిగింది. చుక్కాని దగ్గరున్న తెల్లమీసాల పెద్దమనిషి ఇది గమనించి చేత్తో పిలిచాడు. నేను కాదనేలోపే బాబాయి చుక్కాని గదిలో ఉన్నాడు.

అద్దంలోంచి చూశాను. ఒకరు హంగేరియన్, ఒకరు తెలుగు. బాబాయి అరచెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ యాంగోన్ ఏటికి రోజూ రెండుసార్లు పోటు ఎలా వస్తుందో చూపిస్తున్నాడు. ఆ పెద్దమనిషి తల పట్టుకుని నవ్వుతున్నాడు. మాట కలపబోతే ఇద్దరూ నన్ను పొమ్మని చెయ్యి ఊపారు.

అవతల దిగాక తర్వాతి రైలుకి గంట ఉందని తెలిసింది.

"అమ్మీ, ఇంకోపాలి ఎల్లొచ్చెయ్యనా?"

గ్రూపుని విడదీయకూడదన్నది టూర్ లీడర్‌కి మొదటి నియమం. బాబాయి అడిగిందీ, ఆ నియమమూ గ్రూపుకి బర్మీస్‌లో చెప్పాను. డా మ్యా చెప్పులు సర్దుకుని లేచారు. "విడదీయడం దేనికి? అందరం వెళ్దాం."

అందరమూ మళ్ళీ వెళ్ళి వచ్చాం. ఇసకమేట ఎక్కడుందో, పడవ దాన్ని ఎలా తప్పించుకుంటోందో బాబాయి బర్మీస్‌లో చెబుతుంటే అందరూ కమ్మీ పట్టుకుని తొంగి చూశారు. ఆ పెద్దమనిషి తన టోపీ తీసి బాబాయికి పెట్టాడు. డా మ్యా ఫొటో తీశారు. కూతురికి పంపాను. వెంటనే ఫోను.

"అక్కా, మా నాన్న పళ్ళు కనబడేలా ఫొటో దిగడం ఇదే మొదలు!"

మా బుకింగ్ ఫారంలో పాస్‌పోర్టు నంబరు, తిండి, జబ్బులు, గది వివరాలు అన్నీ ఉంటాయి. ఆ మనిషి ఇన్నేళ్ళూ ఏం పని చేశాడో అడిగే గడి లేదు. ఇప్పుడు ప్రతి ఫారం చివరా ఆ ప్రశ్న నేనే చేత్తో రాస్తున్నాను. మొన్న వియన్నా వెళ్ళిన గ్రూపులో యాంగోన్‌లోనే చిమిండైంగ్ పేట నుంచి ఒక రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఉన్నాడు. ఇటినరరీలో లేకపోయినా ఆయన కోసం ఒక పోస్టాఫీసు ముందు బస్సు ఆపించాను. పావుగంట అనుకున్నాం, గంటైనా బయటికి రాలేదు. మిగతావాళ్ళం మెట్ల మీద కూర్చుని ఐస్‌క్రీం తింటూ ఉన్నాం. వెళ్ళి పిలవమని ఒక్కరూ అనలేదు.